రేగమ్మ గుమ్మం ముందు పొట్టుకుప్ప

పొద్దు వాలింది. గాలి లేదు. ఎండకి నెర్రెలిచ్చిన పొలం ఇంకా వేడి కక్కుతూనే ఉంది.

అనగనగా అడవి అంచున ఒక వరి పొలం, దాని పక్కనే ఒక వాగు, ఆ రెంటికీ నడుమ ఒక పెద్ద మట్టిగట్టు. గట్టు కొన మీద ఒక తాటిచెట్టు. గట్టు లోపల ఎలుకల ఇళ్లు ఐదు. ఆ సాయంత్రం వైశాఖ పున్నమి. ఇల్లాళ్లంతా ఎవరి కన్నం ముందు వాళ్లు నిలబడ్డారు.

అది వాళ్ల పాత అలవాటు. నెలంతా ఒలుచుకు తిన్న గింజల పొట్టును ఇంట్లో ఒక మూల పోగు చేస్తారు. పున్నమి నాడు దాన్ని బయటికి తెచ్చి గుమ్మం ముందు కుప్ప పోస్తారు. ఎవరి కుప్ప చిన్నదో ఆమె మంచి ఇల్లాలు. ఎవరి కుప్ప పెద్దదో ఆమె తల దించుకోవాలి. రాబడి అందరిదీ ఒకటే. కోతలైపోయాక కళ్లంలో రాలిన గింజలు. మళ్లీ నాట్లు పడి, వెన్నులు వచ్చేదాకా వాటితోనే నెట్టుకురావాలి.

అందరికన్నా పెద్దది గంపత్త. ఆవిడ చూపు కాస్త మందగించింది గానీ నోరు మందగించలేదు. కుప్పలు చూసుకుంటూ వచ్చి ముంతమ్మ గుమ్మం దగ్గర ఆగింది. అక్కడ గుప్పెడు పొట్టు కూడా లేదు.

"చూశారా అమ్మలూ, ఇదీ కాపురమంటే. మొగుణ్ణి గుడ్లగూబ ఎత్తుకుపోయి ఏడాదైంది. ముగ్గురు పిల్లలు. అయినా ఎంత ఒద్దికగా ఉందో చూడండి" అంది గంపత్త.

ముంతమ్మ నేల చూస్తూ నిలబడింది. పొగిడినా తలెత్తలేదు.

పక్క గుమ్మం రేగమ్మది. అక్కడ కుప్ప రేగమ్మ మెడదాకా ఉంది.

"ఏమే రేగమ్మా, మీ ఇంటికి ఏనుగు గానీ చుట్టపుచూపుగా వచ్చిందా?" అంది గంపత్త.

అందరూ కిసకిసా నవ్వారు.

"ఐదుగురు పిల్లలు అత్తా" అంది రేగమ్మ.

"నాకు పదకొండు మంది. నా కుప్ప ఏనాడైనా నీ మోకాలు దాటిందా?"

రేగమ్మ తల దించుకుంది. లోపలికి వెళ్లిపోయింది.

రేగమ్మ పిల్లల పేర్లు ఉలవ, పెసర, కొర్ర, సామ, ఆవ. పుట్టిన రోజున ఇంట్లో ఏ గింజ ఉంటే ఆ పేరు పెట్టారు. వాళ్ల నాన్న బుడమయ్య. ఆయన కళ్లం నుంచి వస్తూనే మాట్లాడడు. రెండు బుగ్గల నిండా గింజలుంటాయి. అది తెలిసే కొర్ర ప్రతి సాయంత్రం గుమ్మంలో ఎదురెళ్లి అడుగుతుంది.

"నాన్నా, నీకు నేనంటే ఇష్టమా, సామ అంటే ఇష్టమా?"

బుడమయ్య కళ్లు గుండ్రంగా తిప్పుతాడు. బుగ్గలు ఇంకా ఉబ్బిస్తాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. ఆయన గింజలు గాదెలో ఒలకబోశాక గానీ నోరు విప్పడు. అప్పటికి కొర్ర పారిపోయి ఉంటుంది.

ఆ సాయంత్రం రేగమ్మ మొగుణ్ణి అడిగింది. "ముంతమ్మ వదిన అంత తక్కువలో ఎలా గడుపుతోందంటావు?"

"కుప్పల సంగతి నాకేం తెలుసు? నేను తేగలిగింది ఇంతే. ఉన్నవి రెండు బుగ్గలు. మూడోది దేవుడు ఇవ్వలేదు" అన్నాడు బుడమయ్య.

రేగమ్మ నవ్వలేదు. గాదె ముందు కూర్చుని, ఎక్కడ తగ్గించాలా అని ఆలోచించింది.

కాపురానికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ ఆమెకు ఒకటే మాట చెప్పింది. వచ్చిన గింజను మూడు పాళ్లు చెయ్యమంది. ఒక పాలు నోటికి. ఒక పాలు రేపటికి. ఒక పాలు దారికి. రేగమ్మ అన్నేళ్లూ అలాగే చేసింది.

రేపటి పాలు తగ్గిస్తే కుప్ప తగ్గదు. అది ఎలాగూ గాదెలో ఉండేదే. కాబట్టి ముందు నోటి పాలు తగ్గించింది. పిల్లలకు సాయంత్రం పెట్టే చిరుతిండి ఆపేసింది. అది చాలదనిపించి తన పూట ఒకటి ఆపేసింది.

జ్యేష్ఠ పున్నమి వచ్చింది. కుప్ప కాస్త తగ్గింది. అయినా గట్టు మీద పెద్దది అదే. ముంతమ్మ కుప్ప ఈసారి ఇంకా చిన్నది.

"ఏనుగు ఇంకా వెళ్లలేదా రేగమ్మా?" అంది గంపత్త.

ఇక మిగిలింది దారి పాలు.

ఆ పాలు తినేది కొక్కు తాత. తాత ముసలి పందికొక్కు. తాటిచెట్టు అవతల పొదలో ఉంటాడు. రేగమ్మ గాదె వెనక నుంచి గట్టు కొన దాకా, తాటివేళ్ల కింద ఉన్న గూడు దాకా, మట్టి లోపలే ఒక దారి తవ్వుతున్నాడు. వాగు పొంగితే పైకెక్కడానికి. దాన్ని పైదారి అనేవాళ్లు. ఆ మట్టి రాయిలాంటిది. నెలంతా తవ్వినా మూరెడే నడిచేది. తవ్విన రోజు రేగమ్మ గుమ్మంలోనే కూర్చుని తన పాలు ఒలుచుకు తినేవాడు. ఆ పొట్టు రేగమ్మ కుప్పలోనే పడేది.

మర్నాడు తాత వచ్చాడు. మీసాల నిండా మట్టి.

"తాతా, ఈ నెల నుంచి నీ పాలు ఇవ్వలేను" అంది రేగమ్మ.

"గింజ తక్కువైందా తల్లీ?"

"కుప్ప ఎక్కువైంది."

తాత గాదె వెనక దారి వైపు చూశాడు. తరవాత, "ఎంత మిగిలిందో చూద్దువు రా" అని ముందు నడిచాడు. రేగమ్మ వెనకాలే ఎక్కింది. పైన చీకటి. పచ్చి వేళ్ల వాసన. దారి ఒక గోడ దగ్గర ఆగిపోయింది.

"ఇంకా నా ఒళ్లంత మట్టి ఉంది. చెవి ఆనించి చూడు."

రేగమ్మ చెవి ఆనించింది. గోడకు అవతల, ఎక్కడో, గాలి ఊపిరి తీస్తున్నట్టు ఉంది.  అయినా అడిగింది.

"వాగులో చుక్క నీళ్లు లేవు కదా తాతా. మా అమ్మ కాలంలోనూ రాలేదు. అసలు వస్తాయా?"

"నేనూ చూడలేదమ్మా. తవ్వడమే నాకు తెలుసు" అన్నాడు తాత. దిగి, గుమ్మం దాటి, పొదలోకి వెళ్లిపోయాడు. ఒక్క మాట తూలలేదు. అదే రేగమ్మకు కష్టంగా అనిపించింది.

ఆ నెల కుప్ప నిజంగానే పెరగలేదు. రేగమ్మ రోజూ దాన్ని చూసుకుని తృప్తిపడేది. పిల్లలు ఆడుకోవడం తగ్గించారు. అది ఆమె గమనించలేదు.

ఒక మధ్యాహ్నం చిన్నది, ఆవ, గుమ్మం దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. గాదెలో ఉన్నవన్నీ గట్టి గింజలు. పాలుగారే మెత్తటి గింజ ఒక్కటైనా దొరికితే దాని నోట్లో పిండొచ్చు. ముంతమ్మ దగ్గర ఉండకుండా ఉంటుందా? ఆమె గాదె నిండుగా ఉండి ఉంటుంది. రేగమ్మ పరుగెత్తింది. పిలవకుండానే లోపలికి వెళ్లింది.

గాదె ఖాళీగా ఉంది. అడుగున పది గింజలు కూడా లేవు.

గాదె వెనక ఒక దారి ఉండాలి. ముంతమ్మ మొగుడు పోకముందు తవ్విన పెరటిదారి. దాని నోటినిండా పొట్టు. కుక్కి కుక్కి పెట్టిన పొట్టు. కొంత బయటికి జారుతోంది.

"చూసేశావా వదినా" అంది ముంతమ్మ వెనక నుంచి.

"ఇదంతా ఏమిటి?"

"మేం తిన్నదే. మీ పిల్లలు తిన్నంతే నా పిల్లలూ తిన్నారు. వాళ్ల కడుపులు చిన్నవా?"

"మరి దాచడం ఎందుకు?"

"నీ కుప్ప చూసి నవ్వుతారు. మొగుడు లేనిదాని కుప్ప పెద్దదైతే నవ్వరు వదినా. పంచాయితీ పెడతారు. ఎవరు తెచ్చిపెడుతున్నారంటారు. పిల్లలకి తిండి అదుపు లేదంటారు. మొదటి నెల కాస్త దాచాను. మెచ్చుకున్నారు. ఇక తియ్యడానికి లేకపోయింది."

"ఇది అన్నయ్య తవ్విన దారి కదా."

ముంతమ్మ బయటికి జారిన పొట్టును కాలితో లోపలికి నెట్టింది. "వేరే చోటు లేదు."

ఆమె గాదెలోకి వంగి, అడుగు నుంచి ఒక మెత్తటి గింజ ఏరి తెచ్చింది. రేగమ్మ చేతిలో పెట్టింది. "ఆవకి పట్టుకెళ్లు. వెళ్లు, వెళ్లు" అంది.

ఆవ కళ్లు తెరిచింది. గింజ పాలు చప్పరించింది. రేగమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.  లేని కుప్పతో పోటీపడి పిల్లల కడుపులు మాడ్చింది. ఆ ముక్క ఎవరితోనూ అనలేదు. లేచి ఐదుగురికీ చిరుతిండి పెట్టింది. తనూ తింది. తరవాత పొద దగ్గరికి వెళ్లింది.

"తాతా, రా."

"కుప్పో?"

"పెరగనీ."

తాత మీసం దులుపుకుని లేచాడు.

బుడమయ్య ఆ సాయంత్రం బుగ్గలు ఖాళీ చేసి గాదె చూశాడు. "కళ్లంలో గింజ పలచబడింది. తాత పాలు కూడా కావాలంటే రోజూ ఇంకో విడత వెళ్లాలి" అన్నాడు.

"వెళ్లగలవా?"

"కాళ్లున్నాయి కదా. బుగ్గలే రెండు."

రేగమ్మ ముంతమ్మకు గుప్పెడు గింజలు ఇచ్చి చెప్పింది. "వదినా, ఆ పొట్టు తీసెయ్యి. నా కుప్పలో కలుపుతాను. నన్ను ఎలాగూ నవ్వుతున్నారు."

ముంతమ్మ కళ్లు తుడుచుకుంది. "ఈ ఒక్క పున్నమి పోనీ వదినా. ఆ మర్నాడే తీసేస్తాను" అంది.

ఆషాఢ పున్నమి వచ్చింది. ఆ రోజు పొద్దున్నే తాత గోడ పగలగొట్టాడు. పైదారి తాటివేళ్ల గూట్లోకి తెరుచుకుంది. గాలి సర్రున కిందికి దిగి గాదెలో పొట్టును లేపింది. పిల్లలు ఐదుగురూ నోళ్లు తెరిచి ఆ గాలిని మింగారు.

సాయంత్రం కుప్పలు పోశారు. మగవాళ్లంతా అప్పటికే ఇళ్లకు చేరారు, బుడమయ్య తప్ప. ఆయన రెండో విడతకి వెళ్లాడు. ముంతమ్మ పిల్లలు లోపలే ఉన్నారు. పున్నమి నాడు వాళ్లని బయటికి రానిచ్చేది కాదు. ఎక్కడ నోరు జారతారో అని.

రేగమ్మ కుప్ప ఆమె తల దాటింది. గట్టు మీద అంత కుప్ప ఎవరూ చూడలేదు. గంపత్త చుట్టూ తిరిగి వచ్చింది.

"ఏనుగు ఒక్కటేనా, మందా?"

రేగమ్మ మొదటిసారి తల ఎత్తింది. "ఒక్కటే అత్తా. పని ముగించుకుంది."

ఎవరో నవ్వారు. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

పిట్టల అరుపులు ఆగిపోయాయి. నేల సన్నగా వణికింది. వాగు వైపు నుంచి తడిమట్టి వాసన వచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎక్కడో కొండల మీద కురిసిన వాన చెప్పాపెట్టకుండా నడిచి వచ్చింది. ఎండిపోయిన వాగు లేచి నిలబడింది. అది నీళ్లలా లేదు. కదిలే నేలలా ఉంది. దాని ముందు తుప్పలు వంగిపోయాయి. ఒక నిండు చెట్టు ఆకులతో సహా పుల్లలా దొర్లుకుంటూ వచ్చింది.

ఎవరూ కదల్లేదు. అంత పెద్దది వాళ్లు ఎప్పుడూ చూడలేదు. భయం కూడా కాసేపు ఆలస్యంగా వచ్చింది.

ముందు కుప్పలు లేచాయి. పెద్ద కుప్ప, చిన్న కుప్ప, అన్నీ తేలాయి. అన్నీ కలిసి సాయంత్రపు వెలుగులో బంగారంలా మెరిశాయి. ఏది ఎవరిదో చెప్పే వీలు లేదు.

"అందరూ మా ఇంట్లోకి రండి" అంది రేగమ్మ. ఆమె అరవలేదు. కానీ అందరికీ వినపడింది.

పిల్లల్ని ముందు తోసింది. గంపత్తను నడుమ పెట్టింది. పొద్దుటి నుంచి పైనే ఉన్న కొక్కు తాత ఒక్కొక్కరినీ మెడ పట్టి గూట్లోకి లాగాడు. నీళ్లు గుమ్మం దాటి గాదె దాకా వచ్చాయి. చివరిగా రేగమ్మ ఎక్కింది. సగం దారిలో వెనక్కి చూసి అడిగింది.

"ముంతమ్మ ఏది?"

"పిల్లల కోసం తన ఇంట్లోకి పరుగెత్తింది" అన్నారు ఎవరో పై నుంచి.

రేగమ్మ పక్కగోడకు చెవి ఆనించింది. అవతల గీకుతున్న చప్పుడు. చిన్న గోళ్లు. ముంతమ్మ ఇంటి ముందుగుమ్మం మునిగిపోయింది. పెరటిదారి మొత్తం పొట్టు. పొట్టు తడిసి ఉబ్బిపోయి ఉంటుంది.

"తాతా, ఇటు. ఈ గోడ పలచన."

తాత తల కిందికి పెట్టి దిగాడు. పొద్దున్నే గోడ పగలగొట్టినవాడు. కాలి గోళ్లు రెండు ఊడి ఉన్నాయి. ఏమీ అనకుండా తవ్వడం మొదలుపెట్టాడు. రేగమ్మ ఆ మట్టిని కాళ్లతో వెనక్కి నెట్టింది. కింద నీళ్లు ఎక్కుతున్నాయి. ఆమె తోక తడిసింది. తరవాత నడుము తడిసింది.

గోడ కూలింది. పొట్టు పొర్లి వచ్చి వాళ్ల మీద పడింది. నెలల తరబడి దాచిన పొట్టు, తడిగా, బరువుగా. రేగమ్మ దానిలోకి రెండు చేతులూ దూర్చి వెతికింది. ఒక చెవి దొరికింది. లాగింది. ముంతమ్మ చిన్న కూతురు, చిటికెడు. ఇంకో చెయ్యి. నడిమిది, పిడికెడు. పెద్దవాడు చారెడు తనంతట తనే పాకి వచ్చాడు. వాడి వెనక ముంతమ్మ, గొంతుదాకా నీళ్లలో.

"ఎక్కు వదినా" అంది రేగమ్మ.

తాటివేళ్ల గూడు పొడిగా ఉంది. అందరూ ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్నారు. వేళ్ల సందులోంచి బయటికి చూశారు. పొలం లేదు. వాగు లేదు. ఒకే నీరు, ఆకాశమంత. దాని మీద నిండు చంద్రుడు ముక్కలై వణుకుతున్నాడు. ఒక కొమ్మ తేలుతూ వెళ్లింది. దాని మీద పెద్ద పాము చుట్టుకుని ఉంది. అది వాళ్లని చూసింది. అది కూడా భయపడుతోంది. కొమ్మ వెళ్లిపోయింది.

ఆవ గుసగుసగా అడిగింది. "అమ్మా, ఇదంతా నీళ్లేనా?"

"నీళ్లే."

"మన పైదారి దీనికన్నా చిన్నది కదా?"

"చిన్నదే."

గంపత్త ఆ రాత్రంతా చిటికెడును ఒళ్లో పడుకోబెట్టుకుని, ఆ పిల్ల ఒంటికి అంటిన పొట్టును ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంది.

రేగమ్మ నిద్రపోలేదు. తను అడిగితేనే బుడమయ్య రెండో విడతకి వెళ్లాడు. ఆ ఆలోచన దగ్గరే ఆగిపోయి ఉంది. ముంతమ్మ వచ్చి పక్కన కూర్చుని రేగమ్మ చెయ్యి పట్టుకుంది. ముంతమ్మ చేతికి అలా ఎదురుచూడటం తెలుసు.

తెల్లారింది. నీళ్లు కాస్త తగ్గాయి. దూరంగా కళ్లంలో గడ్డివాము కొన తేలింది. అక్కడి నుంచి గట్టు దాకా మడుల నడుమ మునిగీ మునగని గెనాల గీత ఒకటి కనబడుతోంది.

ఆ గీత మీద చిన్న చుక్క కదిలింది. పడింది. లేచింది. కాస్త దూరం ఈదింది. మళ్లీ గెనెం ఎక్కింది.

రేగమ్మ వేళ్ల సందులోంచి తల బయటికి పెట్టింది.

బుడమయ్య వేళ్లు పట్టుకుని గూట్లోకి ఎక్కాడు. ఒళ్లంతా బురద. ఒక చెవి చిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమీ మాట్లాడలేదు. రెండు బుగ్గలూ నిండుగా ఉబ్బి ఉన్నాయి.

రాత్రంతా గడ్డివాము మీద, అంత నీటి నడుమ, ఆయన నోరు విప్పలేదు. ఒక్క గింజ మింగలేదు. ఒక్కటి జారనివ్వలేదు.

కొర్ర ఎదురెళ్లి నిలబడింది. ఏమీ అడగలేదు.

బుడమయ్య వంగి గింజలు నేల మీద పోశాడు. పొడి గింజలు. అవి చిన్న కుప్పగా నిలిచాయి. అందరూ ఆ కుప్ప చుట్టూ చేరి చూశారు. అంత చిన్న కుప్ప ముందు అంతమంది మౌనంగా నిలబడటం ఆ గట్టు ఎప్పుడూ ఎరగదు.

"అందరూ ఉన్నారా?" అన్నాడు బుడమయ్య. గొంతు బొంగురుపోయింది.

రేగమ్మ గింజల్ని మూడు పాళ్లు చేసింది. దారి పాలు ముందు తీసి కొక్కు తాత ముందు పెట్టింది. తాత దానిలో సగం చారెడు వైపు జరిపాడు. గంపత్త తల దించుకునే అది చూసింది.

తరవాత రేగమ్మ గూడంతా తిరిగి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్క పెట్టుకుంది. ఉలవ. పెసర. కొర్ర. సామ. ఆవ. చారెడు, పిడికెడు, చిటికెడు. ముంతమ్మ. గంపత్త. మిగతా ఇళ్ల వాళ్లు, పిల్లా పాపా అంతా. కొక్కు తాత.

చివరిగా ఆమె చెయ్యి బురద పట్టిన ఒక తల మీద ఆగింది. అక్కడి నుంచి చాలాసేపు తియ్యలేదు.

నీతి: ఇంటి ఖర్చును పక్కింటి కుప్పతో కొలుచుకోకూడదు, అది మన వాళ్లలో ఎవరిని కాపాడుతుందో చూసి కొలుచుకోవాలి.